లాభం ఎవరి జేబులోంచి వస్తోంది? – పెట్టుబడులపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వరంగల్, హనుమకొండ, కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల ప్రాంతాల నుంచి వచ్చినవే. ఫలానా షేరు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది దాదాపు అందరి ప్రశ్న. దానికి జవాబు చెప్పగల శక్తి ఈ శీర్షికకు లేదు. అయితే ఒక కంపెనీకి డబ్బు ఎవరు ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు, అందులో వాటాదారుకు చివరికి మిగిలేది ఎంత అన్నది ఎవరైనా కాగితం మీద వేసుకోగల లెక్కే. కింది జవాబులన్నీ ఆ లెక్క చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: నేను సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాను. సంస్థ లాభాల్లో ఉంది; ఏటా కార్మికులకు లాభాల్లో వాటా కూడా ఇస్తోంది. రిటైర్మెంటు డబ్బులో కొంత సింగరేణి షేర్లలో పెడదామంటే డీమ్యాట్ యాప్‌లో ఆ పేరే కనిపించడం లేదు. ఒక మధ్యవర్తి అన్‌లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదుకాని) షేర్లు ఇప్పిస్తానంటున్నాడు. కొనవచ్చా?
– విశ్రాంత కార్మికుడు, గోదావరిఖని

జవాబు: కొనవద్దు. సింగరేణి స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన సంస్థ కాదు. దాని వాటాలు దాదాపు మొత్తంగా 51, 49 శాతం నిష్పత్తిలో రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల చేతుల్లో ఉన్నాయి. ఒకప్పుడు ఈ బొగ్గు ప్రైవేటు వాటాదారుల వ్యాపారమే. 1886లో ఇల్లెందు ప్రాంతపు గనుల హక్కులు పొందిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇంగ్లండులో నమోదైనది. 1920 డిసెంబరులో ఆ ఆస్తులు, అప్పులతోనే నేటి సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో మెజారిటీ వాటాలు కొనుగోలు చేసింది. కంపెనీ పత్రాల్లో ‘పబ్లిక్ లిమిటెడ్’ అని కనిపించినంత మాత్రాన ప్రజలు కొనుక్కోవచ్చని అర్థం కాదు. ప్రభుత్వాల చేతిలో ఉన్న షేర్లను మీకు ఇప్పిస్తానంటున్న ఆ మధ్యవర్తి వాటిని ఎవరి దగ్గర కొని తెస్తున్నాడో ఒక్కసారి అడిగి చూడండి.

బొగ్గు వ్యాపారంలోనే పెట్టుబడి పెట్టాలనుకుంటే కోల్ ఇండియా ఉంది. 2010 నవంబరులో 245 రూపాయల ఇష్యూ ధరతో అది మార్కెట్లోకి వచ్చింది. 2020లో ఆ ధరలో సగానికి పడిపోయి, 2024లో 500 రూపాయలు దాటింది. అంటే పదేళ్లు ఓపిక పట్టినవారికి కూడా షేరు ధరలో నష్టమే కనిపించిన కాలం ఒకటి ఉంది. ఆ కాలంలో వారికి దక్కింది డివిడెండు మాత్రమే. ప్రభుత్వ బొగ్గు కంపెనీలకు ప్రధాన ఖాతాదారులు విద్యుత్ సంస్థలు. అమ్మిన బొగ్గుకు బిల్లు వేసిన రోజునే లెక్కల్లో ఆదాయం చేరుతుంది కానీ డబ్బు మాత్రం ఎప్పుడో వస్తుంది. సింగరేణిలో పనిచేసిన మీకు బకాయిల కథ నాకంటే బాగా తెలుసు. ఏ కంపెనీ వార్షిక నివేదికలోనైనా లాభం పక్కనే ‘రావలసిన బాకీలు’ అన్న అంకెను కూడా చూడాలి.

ఇక మీ వయసులో రిటైర్మెంటు డబ్బు విషయానికి వస్తే, ముందు పోస్టాఫీసు లేదా బ్యాంకులోని సీనియర్ సిటిజన్ల పొదుపు పథకాన్ని చూడండి. 2023 ఏప్రిల్ నుంచి అందులో ఒక్కొక్కరు 30 లక్షల రూపాయల వరకు పెట్టవచ్చు. మూడు నెలలకొకసారి వడ్డీ చేతికి వస్తుంది. దాని తర్వాత మిగిలిన దానితోనే షేర్ల మాట.

ప్రశ్న: మాకు గీసుగొండ దగ్గర నాలుగెకరాల పత్తి చేను ఉంది. పక్కనే కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చింది. భూముల ధరలు పెరిగాయి. పార్కులోకి వచ్చిన కంపెనీల షేర్లు ఇప్పుడే కొనిపెట్టుకుంటే మంచిదని మిత్రులు అంటున్నారు. కళ్ల ముందు ఫ్యాక్టరీ కనిపిస్తుంటే ఇంకా అనుమానం దేనికని వారి వాదన.
– డిగ్రీ చదివిన రైతు, గీసుగొండ మండలం

జవాబు: కళ్ల ముందు ఫ్యాక్టరీ కనిపించడం ఒక సమాచారం, కానీ అది మీ ఒక్కరికే తెలిసిన సమాచారం కాదు. 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగిననాటి నుంచి పార్కు సంగతి ఊరందరికీ తెలుసు, బొంబాయి దలాలులకూ తెలుసు. షేరు ధరలో అది ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది.

పార్కులోని మూడు పేర్లను తీసుకుని చూద్దాం. యంగ్‌వన్ దక్షిణ కొరియా సంస్థ. దాని షేర్లు సియోల్‌లో చేతులు మారతాయి తప్ప మన దగ్గర కాదు. గణేశా ఎకోస్ఫియర్ మన ఎక్స్ఛేంజీల్లో ఉన్న కంపెనీయే, కానీ దానికీ మీ చేనులోని పత్తికీ సంబంధం లేదు. వాడిపారేసిన ప్లాస్టిక్ సీసాలను దారంగా, గుళికలుగా మార్చడం దాని వ్యాపారం. కిటెక్స్ గార్మెంట్స్ కేరళకు చెందినది. పసిపిల్లల దుస్తులు కుట్టి ఎక్కువగా అమెరికాకు ఎగుమతి చేస్తుంది. దాని లాభనష్టాలను నిర్ణయించేది శాయంపేటలోని షెడ్డు కాదు, అమెరికాలో దుకాణాల గొలుసులు ఇచ్చే ఆర్డర్లు. 2025 ఆగస్టులో భారతీయ వస్తువులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, గీసుగొండలో ఏమీ మారకుండానే ఇటువంటి కంపెనీలన్నిటి అంచనాలు తలకిందులయ్యాయి. కాబట్టి మీ ఊళ్లో ఉన్న కంపెనీ అంటే మీకు తెలిసిన కంపెనీ అని అనుకోవడానికి వీల్లేదు.

కొత్త ఫ్యాక్టరీ విషయంలో ఇంకొక మాట చెప్పాలి. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు తెచ్చిన అప్పుపై వడ్డీ, యంత్రాల తరుగుదల, కొత్తగా చేర్చుకున్న వారికి శిక్షణ ఖర్చు ముందుగా లెక్కల్లోకి వస్తాయి. యంత్రాలు పూర్తి సామర్థ్యంతో నడిచి ఆర్డర్లు నిండేసరికి కొన్నేళ్లు పడుతుంది. అందువల్ల ప్రారంభోత్సవం జరిగిన ఏడాదే లాభం తగ్గడం చాలా కంపెనీల్లో మామూలే. అలాగే, కొత్త యూనిట్ నేరుగా ఎక్స్ఛేంజీలో ఉన్న కంపెనీదా, లేక ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) సొంత సంస్థకు కూడా వాటా ఉన్న అనుబంధ కంపెనీదా అన్నది వార్షిక నివేదికలో వెతకండి. ఫ్యాక్టరీ బయట బోర్డు ఒకటే ఉంటుంది. లాభంలో వాటా మాత్రం ఒకటి కాకపోవచ్చు.

మీ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేరే ఉంది. పత్తి రైతుగా మీ లాభమూ, బట్టల మిల్లు లాభమూ ఎదురెదురుగా నడుస్తాయి. 2025 ఆగస్టులో కేంద్రం దిగుమతి పత్తిపై ఉన్న 11 శాతం సుంకాన్ని తాత్కాలికంగా తొలగించినప్పుడు మిల్లులు సంతోషించాయి, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చేవారు దిగులుపడ్డారు. ఆ సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో తేమ 12 శాతం దాటితే ఆ ధర కూడా దక్కదు. ఈ లెక్కన చూస్తే మిల్లు షేరు కొనడం మీకు ఒకరకంగా రక్షణే: పత్తి ధర పడిపోయిన ఏడాది మిల్లు కాస్త మిగుల్చుకోవచ్చు. కానీ భూమి సంగతి అలా కాదు. పార్కు బాగా నడిస్తే మీ నాలుగెకరాల విలువ పెరుగుతుంది, నడవకపోతే పెరగదు. అంటే పార్కు విజయంపై మీరు ఇప్పటికే మీ ఆస్తిలో పెద్ద భాగాన్ని పెట్టి కూర్చున్నారు. మళ్లీ అందులోని కంపెనీల షేర్లు కూడా కొంటే మొత్తం ఒకే చోట పెట్టినట్టవుతుంది.

1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు వరంగల్‌కు పేరు తెచ్చింది. నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లి చివరకు మూతపడింది. మిల్లు పోయిన తర్వాత కూడా మిల్లు స్థలానికి ధర పలికింది. భూమి ధర వేరు, పరిశ్రమ లాభం వేరు.

ప్రశ్న: ఎంఆర్‌ఎఫ్ షేరు లక్ష రూపాయలు దాటిందని విన్నాను. అంత పెట్టలేక పది రూపాయల లోపు దొరికే షేర్లు వెయ్యేసి కొంటున్నాను. చవకగా ఉన్నప్పుడు ఎక్కువ కొనడం తెలివైన పనే కదా?
– మెడికల్ షాపు యజమాని, హుజూరాబాద్

జవాబు: షేరు ధర ఎంత అన్నది కంపెనీ చవకా, ఖరీదా అన్న సంగతిని చెప్పదు. ఎంఆర్‌ఎఫ్ మొత్తం షేర్లు సుమారు 42.4 లక్షలు మాత్రమే. 2023 జూన్‌లో అది లక్ష రూపాయలు తాకినప్పుడు కంపెనీ మొత్తానికి మార్కెట్ కట్టిన విలువ దాదాపు 42,400 కోట్ల రూపాయలు. మరోవైపు వొడాఫోన్ ఐడియాను చూడండి. 2025 ఏప్రిల్‌లో కేంద్రం తనకు రావలసిన 36,950 కోట్ల రూపాయల బకాయిలను షేర్లుగా మార్చుకున్న తర్వాత దాని షేర్ల సంఖ్య 10,800 కోట్లు దాటింది. ఆ షేరు ధర 7 రూపాయలు అనుకున్నా మొత్తం విలువ 75,000 కోట్లపైనే. అంటే ఏడు రూపాయల షేరున్న కంపెనీకి లక్ష రూపాయల షేరున్న కంపెనీకంటే మార్కెట్ ఎక్కువ వెల కట్టినట్టు. మీరు చూడవలసినది ఒక్కో షేరుకు కంపెనీ సంపాదిస్తున్న లాభం ఎంత, ఆ లాభానికి మీరు ఎన్నిరెట్లు చెల్లిస్తున్నారు అన్నది. నష్టాల్లో ఉన్న కంపెనీకి ఆ లెక్కే కుదరదు.

అన్నట్టు, మీ దగ్గరున్న ఏదైనా షేరు ధర ఒక ఉదయం ఉన్నట్టుండి సగమైపోతే కంగారుపడి అమ్మకండి; ముందు బోనసో (ఉన్న షేర్లకు ఉచితంగా అదనపు షేర్లు ఇవ్వడం), షేరు విభజనో (ఒక షేరును రెండు మూడుగా చేయడం) జరిగిందేమో చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. జీతంతోపాటు కంపెనీ షేర్లు కూడా ఇస్తున్నారు. నేను ఉపాధ్యాయురాలిగా రిటైరయ్యాను. నా డబ్బు కూడా టెక్నాలజీ షేర్లలోనే పెట్టమంటున్నాడు. కృత్రిమ మేధ వచ్చాక భవిష్యత్తంతా అందులోనే అంటున్నాడు. అదే కృత్రిమ మేధ వల్ల ఉద్యోగాలు పోతాయని కూడా వాడే అంటున్నాడు. నాకు ఏదీ అర్థం కావడం లేదు.
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పిన రెండు మాటలూ నిజం కావచ్చు. వాటిని కలిపి చూసినప్పుడే మీకు కావలసిన జవాబు దొరుకుతుంది.

టెక్నాలజీ కంపెనీ అన్న ఒకే పేరు కింద పూర్తిగా భిన్నమైన వ్యాపారాలు ఉన్నాయి. టీసీఎస్, ఇన్ఫోసిస్ వంటివి సేవల కంపెనీలు: అమెరికా, ఐరోపాల్లోని బ్యాంకులకు, బీమా కంపెనీలకు, దుకాణాల గొలుసులకు మన ఇంజనీర్ల శ్రమను అమ్ముతాయి, డాలర్లలో తీసుకుని రూపాయల్లో జీతాలిస్తాయి. రూపాయి బలహీనపడితే వాటికి మేలు, ఖాతాదారులు ఖర్చు తగ్గించుకుంటే కీడు. పది మంది చేసే పనిని కృత్రిమ మేధ సాయంతో ఆరుగురు చేయగలిగితే, ఆ మిగులు కంపెనీకి దక్కుతుందా, లేక ‘ఆరుగురికే బిల్లు వేయండి’ అని ఖాతాదారు తీసుకుపోతాడా అన్నది ఇప్పుడు ఆ రంగమంతా ఎదుర్కొంటున్న ప్రశ్న. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12,000 మందికి పైగా ఉద్యోగులను తగ్గిస్తామని ప్రకటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

ఎటర్నల్‌గా పేరు మార్చుకున్న జొమాటో, పేటీఎం వంటివి వేరే జాతి. వాటికి డబ్బు ఇచ్చేది మనమూ, మన వీధిలోని హోటళ్లూ, కిరాణా కొట్లూ. జొమాటో 2021 జూలైలో 76 రూపాయలకు షేరు అమ్మింది. ఏడాదికల్లా అది 45 రూపాయల కిందికి పడిపోయి, 2024లో 250 దాటింది. 2021 నవంబరులో పేటీఎం 2,150 రూపాయలకు అమ్మిన షేరు మొదటి రోజే నాలుగో వంతుకు పైగా విలువ కోల్పోయింది. 2024 జనవరిలో దాని పేమెంట్స్ బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించడంతో మరో దెబ్బ తగిలింది. రెండింటినీ జనం రోజూ వాడుతూనే ఉన్నారు. వాడుక పెరగడం ఒకటి, ఆ వాడుక మీద వాటాదారుకు రూపాయి మిగలడం మరొకటి.

‘భవిష్యత్తంతా అందులోనే’ అన్న మాట ఇంతకు ముందూ విన్నాం. 2000 మార్చి 10న టెక్నాలజీ కంపెనీలు ఎక్కువగా ఉండే అమెరికాలోని నాస్‌డాక్ సూచీ 5,048 దగ్గర ముగిసింది. 2002 అక్టోబరు నాటికి దాదాపు 78 శాతం పడిపోయింది. మళ్లీ ఆ శిఖరాన్ని అందుకోవడానికి 2015 వరకు పట్టింది. ఇంటర్నెట్ ప్రపంచాన్ని మార్చేస్తుందని చెప్పినవారు తప్పు చెప్పలేదు. వారు చెల్లించిన ధరే తప్పు. కృత్రిమ మేధ విషయంలో కూడా నా అనుమానం ధర మీదే తప్ప సాంకేతికత మీద కాదు. దీనికి ఎదురుగా ఇన్ఫోసిస్ ఉంది: 1993లో 95 రూపాయలకు షేర్లు ఇస్తామంటే తీసుకునేవారు లేక, మిగిలినవి ఒక విదేశీ సంస్థ తీసుకోవలసి వచ్చింది. ఎవరూ భవిష్యత్తు అనుకోని రోజున కొన్నవారే అందులో బాగుపడ్డారు.

మీ కుటుంబం సంగతికి వస్తాను. మీ అబ్బాయి జీతం ఆ రంగం నుంచే వస్తోంది, అతని పొదుపులో కంపెనీ షేర్లు ఉన్నాయి, బహుశా ఇంటి రుణం వాయిదా కూడా ఆ జీతం మీదే నడుస్తూ ఉండవచ్చు. ఆ రంగానికి గడ్డుకాలం వస్తే ఉద్యోగం, షేరు ధర ఒకేసారి దెబ్బతింటాయి. అప్పుడు ఇంటికి అక్కరకు రావలసింది మీ డబ్బే. అందుచేత అది వేరే చోట ఉండాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. మీ అబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి: కంపెనీ ఇచ్చిన షేర్లు చేతికి వచ్చిన రోజున వాటి విలువను జీతంగానే లెక్కించి పన్ను వేస్తారు; ఆ తర్వాత వాటిని అట్టేపెట్టుకోవడమంటే ఆ డబ్బుతో అదే కంపెనీ షేరును కొత్తగా కొన్నట్టే. చేతిలో నగదు ఉంటే ఆ షేరు కొనేవాడా అని తనను తాను అడగాలి. కంపెనీ విదేశానిదైతే ఆ షేర్ల వివరాలను ఏటా ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలి. చాలామంది యువ ఉద్యోగులు ఇక్కడే చిక్కుల్లో పడుతున్నారు.

మడికొండలో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు తెరిచినప్పటి నుంచి మన పిల్లలు ఊళ్లోనే ఉండి ఈ పని చేయగలుగుతున్నారు. అది ఊరికి మంచిదే. షేరు కొనడానికి మాత్రం అది కారణం కాదు.

ప్రశ్న: వారం గడువు ఆప్షన్లలో (షేర్లు, సూచీల ధర ఎటు పోతుందన్న దానిపై చేసుకునే ఒప్పందాల్లో) లక్షా నలభై వేలు పోగొట్టుకున్నాను. నా స్నేహితుడు మాత్రం రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు పంపుతున్నాడు. పోయింది తిరిగి రాబట్టుకునే పద్ధతి ఏదైనా చెప్పండి.
– ప్రైవేటు ఉద్యోగి, నర్సంపేట

జవాబు: ఏనుమాములలో మిర్చి జెండా పాట ఎంత పలికిందో మర్నాడు పత్రికల్లో వస్తుంది, ఆ ధర ఒకటి రెండు మంచి లాట్లకే దక్కుతుందని, మిగిలిన బస్తాలు అంతకంటే చాలా తక్కువకే పోతాయని రైతులందరికీ తెలుసు. మీ స్నేహితుని స్క్రీన్‌షాటు అటువంటి జెండా పాటే. మిగతా బస్తాల లెక్కను షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో చెప్పింది: మూడేళ్లలో ఆప్షన్స్‌లో, అటువంటివే అయిన ఫ్యూచర్స్ ఒప్పందాల్లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తిగత మదుపరులలో 93 శాతం మంది నష్టపోయారు, సగటు నష్టం ఒక్కొక్కరికి దాదాపు 2 లక్షలు, మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయల పైన. 2024–25లో కూడా 91 శాతం మందికి నష్టమే మిగిలింది.

ఈ డబ్బు ఆవిరైపోలేదు. ఆప్షన్లలో ఒకరికి పోయిందే మరొకరికి వస్తుంది. మధ్యలో దలాలీ, పన్నులు తెగుతాయి. 2023–24లో సొంత డబ్బుతో వ్యాపారం చేసే సంస్థలు సుమారు 33,000 కోట్లు, విదేశీ పెట్టుబడి సంస్థలు సుమారు 28,000 కోట్లు సంపాదించాయని సెబీ తేల్చింది. అందులో అత్యధిక భాగం కంప్యూటర్లు తమంతట తాము ఆర్డర్లు వేసే పద్ధతిలో వచ్చినదే. 2025 జూలైలో జేన్ స్ట్రీట్ అనే అమెరికా సంస్థ సూచీలను అక్రమంగా ప్రభావితం చేసిందంటూ 4,843 కోట్ల రూపాయలను జప్తు చేస్తూ సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు చదివితే, బల్లకు అవతల కూర్చున్నది ఎటువంటివారో మీకు తెలుస్తుంది. నర్సంపేటలో ఫోను పట్టుకుని వారితో పందెం వేసి పోయింది రాబట్టే పద్ధతి నాకు తెలియదు. ఉన్నదని చెప్పేవారికి ఆదాయం ఆ పద్ధతి మీద కాక, దాన్ని నేర్పే తరగతుల ఫీజు మీద వస్తూ ఉండవచ్చు.

చేయగలిగింది ఒకటుంది. ఈ నష్టాన్ని చట్టం వ్యాపార నష్టంగానే చూస్తుంది. గడువులోగా సరైన రిటర్ను వేస్తే దాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకుపోయి వ్యాపార లాభాలతో సర్దుబాటు చేసుకోవచ్చు. జీతంతో మాత్రం సర్దుబాటు కుదరదు.

ప్రశ్న: నన్ను ఎవరో ఒక వాట్సాప్ బృందంలో చేర్చారు. వారి యాప్‌లో మూడు లక్షలు పెడితే పదకొండు లక్షలు అయినట్టు చూపిస్తోంది. తీసుకోవాలంటే ముందు 20 శాతం పన్ను కట్టమంటున్నారు. కట్టమంటారా?
– పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఇది మోసం. ఆ పదకొండు లక్షలు తెరమీద అంకెలు మాత్రమే. షేర్ల లాభంపై పన్నును ముందుగా బ్రోకరుకు చెల్లించే పద్ధతి మన దేశంలో లేదు. ఎవరి పన్ను వారే రిటర్నులో కట్టుకుంటారు. మీరు ఇప్పుడే 1930 నంబరుకు ఫోను చేసి సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు చేయండి. ఎంత త్వరగా చేస్తే మీ డబ్బు చేరిన ఖాతాలను స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ. ఇకపై ఎవరైనా షేర్లు కొనిపెట్టామని చెబితే, డీమ్యాట్ షేర్లను భద్రపరిచే సంస్థలైన ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ నుంచి నేరుగా మీకు వచ్చే స్టేట్‌మెంటులో ఆ షేర్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి. అక్కడ లేని షేరు మీది కాదు.

ప్రశ్న: 2012లో చనిపోయిన మా నాన్నగారి పెట్టెలో 2008 నాటి డీమ్యాట్ స్టేట్‌మెంటు దొరికింది. అందులో సత్యం కంప్యూటర్ షేర్లు 100 ఉన్నాయి. ఆ కంపెనీయే ఇప్పుడు లేదు కదా, చింపేయవచ్చా?
– పాఠకుడు, పరకాల

జవాబు: చింపేయకండి. 2009 జనవరి 7న కంపెనీ అధిపతి రామలింగరాజు లేఖతో లెక్కల మోసం బయటపడి, ఆ ఒక్కరోజే షేరు 179 రూపాయల నుంచి 40కి పడిపోయిన మాట నిజమే. ఖాతాల్లో చూపించిన 5,040 కోట్ల నగదు అసలు లేదని ఆ లేఖలోనే ఉంది. కానీ కంపెనీ అంతరించలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దాన్ని షేరుకు 58 రూపాయల లెక్కన వేలంలో దక్కించుకుంది. 2013లో రెండూ కలిసిపోయినప్పుడు ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. ఆ లెక్కన మీ నాన్నగారి వందకు 11 షేర్లు, మిగిలిన భాగానికి నగదు రావాలి. 2015లో ఒకటికి ఒకటి బోనసు, ఆపైన షేరు రెండుగా విభజన జరిగాయి కాబట్టి ఆ 11 ఇప్పుడు 44 అయి ఉండాలి.

అయితే వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోని షేర్లు ప్రభుత్వపు మదుపరుల విద్యా, రక్షణ నిధికి (ఐఈపీఎఫ్) బదిలీ అవుతాయి. బ్యాంకు ఖాతా మూసివేసి ఉంటే మీ విషయంలో అదే జరిగి ఉండవచ్చు. అక్కడికి వెళ్లినా హక్కు పోదు. ముందు స్టేట్‌మెంటులోని ఖాతా నంబరుతో డిపాజిటరీ పార్టిసిపెంటును (డీమ్యాట్ ఖాతా తెరిచిన బ్యాంకు లేదా బ్రోకరును), వాటాదారుల లెక్కలు చూసే కంపెనీ రిజిస్ట్రారును సంప్రదించండి. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రాలు సిద్ధం చేసుకుని, షేర్లు నిధికి చేరాయని తేలితే ఐఈపీఎఫ్-5 దరఖాస్తు పెట్టండి. ఆ దరఖాస్తుకు రుసుము లేదు. వచ్చిన దానిలో ఇంత శాతం ఇస్తే పని చేసిపెడతామనేవారు మీకు తప్పక ఎదురవుతారు. నలభై నాలుగు షేర్లకు వారి అవసరం ఉందని నేను అనుకోను.

ప్రశ్న: మాది కరీంనగర్‌లో బట్టల దుకాణం. ఎన్నో ఏళ్లుగా నెలకు పాతికవేల చిట్టీ కడుతున్నాం. చిట్టీ మానేసి ఆ డబ్బంతా మ్యూచువల్ ఫండ్ సిప్‌లో (నెలనెలా కొంత మొత్తం వేసే పద్ధతిలో) పెట్టమని మా అల్లుడు సలహా ఇస్తున్నాడు. ఏది లాభం?
– వ్యాపారి, కరీంనగర్

జవాబు: మీ అల్లుడుగారు చిట్టీని పొదుపుగా మాత్రమే చూస్తున్నారు. మీరు దాన్ని అప్పుగా కూడా వాడుకుంటున్నారని నా ఊహ. దసరాకు సరుకు నింపాలంటే దుకాణానికి ఒకేసారి పెద్ద మొత్తం కావాలి. ఐదు లక్షల చిట్టీ, ఇరవై మంది సభ్యులు, ఇరవై నెలలు అనుకుందాం. మొదటి నెలలోనే ఒకరు 30 శాతం వదులుకుని పాడుకుంటే ఆయన చేతికి మూడున్నర లక్షలు వస్తాయి. వదులుకున్న లక్షా యాభై వేలలోంచి, చిట్టీ మొత్తంపై 5 శాతం కమీషను కింద పాతికవేలు కంపెనీకి పోగా, మిగిలిన లక్షా పాతికవేలు ఇరవై మందికి పంచితే తలా 6,250. తర్వాతి నెలల్లో పాట తగ్గుతూ వస్తుంది. సగటున నెలకు 3,000 డివిడెండు వచ్చిందనుకుంటే, మొదట పాడుకున్నవారికి ఆ డబ్బు నూటికి దాదాపు రెండున్నర రూపాయల వడ్డీకి పడుతుంది. చివరిదాకా ఆగి నాలుగు లక్షల డెబ్బై ఐదు వేలు తీసుకున్నవారికి మాత్రం నూటికి 80 పైసల వడ్డీ గిట్టుబాటవుతుంది, అంటే ఏడాదికి 10 శాతం దాకా. 2019 సవరణ తర్వాత కమీషను 7 శాతం వరకు తీసుకోవచ్చు. మీ కంపెనీ అలా తీసుకుంటే ఈ 80 పైసలు ఇంకా తగ్గుతాయి. చివరివారి రాబడి పూర్తిగా మొదటివారి అవసరం మీదే ఆధారపడి ఉంటుంది.

షేర్ల ఫండులో రాబడి కంపెనీల లాభాల నుంచి వస్తుంది, దానికి గడువు తేదీ ఉండదు. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ అదే ఏడాది అక్టోబరులో 8,000 దగ్గరికి దిగింది. ఆ అక్టోబరు సరిగ్గా దసరా, దీపావళి సరుకు కొనే కాలం. దుకాణం డబ్బు సిప్‌లో ఉండి ఉంటే మీరు పెద్ద నష్టానికి అమ్మవలసి వచ్చేది. కనుక ఏడాది రెండేళ్లలో దుకాణానికి కావలసిన డబ్బుకు సిప్ పనికిరాదు. పదేళ్ల తర్వాత మనవళ్ల చదువుకు కావలసిన డబ్బుకు చిట్టీ పనికిరాదు. నా సలహా ఏమిటంటే, సరుకుకు ఎంత అవసరమో అంతకే చిట్టీని తగ్గించి, మిగిలినది తక్కువ ఖర్చుతో నిఫ్టీ సూచీని అనుసరించే, అంటే ఆ సూచీలోని కంపెనీల షేర్లనే కొనే, ఇండెక్స్ ఫండులో వేయండి. ఏడాదికి మించి ఉంచిన యూనిట్లపై లాభం ఏటా 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం.

చిట్టీ కొనసాగించేటట్లయితే, ఆ చిట్టీ రిజిస్ట్రారు దగ్గర నమోదైందో లేదో, కంపెనీ చిట్టీ మొత్తానికి సరిపడా హామీని అక్కడ జమచేసిందో లేదో కాగితం అడిగి చూడండి. పాడుకున్న డబ్బు చేతికి ఇవ్వడానికి కంపెనీ ఎన్నాళ్లు తిప్పుతోందో, మీకంటే ముందు పాడుకున్న ఇద్దరు ముగ్గురు సభ్యులను కూడా విచారించండి. ఆ గడువు ఈ మధ్య పెరుగుతూ వస్తోందని వారు చెబితే కొత్త చిట్టీలో చేరకండి.